అగ్గిపుల్లలతో కొలిచిన గోడ

ఎల్‌ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కితే, ఆ ఫోల్డర్లో ఏమేం ఉన్నాయో వాటి పేర్లు వరుసగా రావాలి. ఏమీ రాలేదు. నల్ల తెర మీద కర్సర్ ఒక వరుస కిందికి దిగి మినుకుమంటూ నిలబడింది. ఖాళీ ఫోల్డర్ తాను ఖాళీ అని కూడా చెప్పదు. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. అక్షరం తప్పు కొట్టానేమోనని ఒక్కొక్క అక్షరం వేలితో తాకుతూ మూడోసారి కొట్టాను.

కౌంటర్ అవతల జిరాక్స్ కోసం నిలబడ్డ పెద్దాయన నా ముఖం చూసి, "కాయ్ ఝాలం తాయి?" అని మరాఠీలో అడిగాడు. ఏమైందమ్మా అని. ఏమైందో నాకే తెలియదు. ఆయన కాగితం వెనక్కి ఇచ్చేసి, ఇవాళ మిషన్ పని చేయడం లేదని అబద్ధం చెప్పాను.

పోయినవి మా అక్క ఇంటి గోడల ఫొటోలు.

అక్కా బావల ఊరు రాజురా దాటాక వస్తుంది. తాతల కాలం నుంచి అక్కడ పత్తి పండించే తెలుగు ఇళ్లలో వాళ్లదొకటి. ఊరికి ఒక పక్క ఓపెన్ కాస్ట్ బొగ్గు గని. మధ్యాహ్నం పూట అందులో బ్లాస్టింగ్ జరిగితే అక్క ఇంట్లో అటక మీది గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. ముందు గదిలో తలుపు మీది నుంచి కప్పు దాకా గోడకు ఒక పగులు వచ్చింది. ఊళ్లో చాలా ఇళ్లకు వచ్చాయి. ఇల్లు ఉండటానికి పనికొస్తుందో లేదో రాసిచ్చే ఇంజినీరు ఒకసారి వచ్చి చూసి, ఇది నల్ల రేగడి నేల, గోడలు పగలడం మామూలే అన్నాడు. పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాడట. పగులు ఉందని అందరూ చూపిస్తారు, అది పెరుగుతోందని చూపిస్తే అప్పుడు మాట్లాడదాం అని.

అక్కకు తెలియాల్సింది ఒక్కటే. ఆ ఇంట్లో పడుకోవచ్చా, పడుకోకూడదా.

కొలవమని చెప్పింది నేనే. నా దుకాణంలోంచి ఒక స్టీలు స్కేలు కూడా పంపాను. నెలకొకసారి, ఒకే చోట, స్కేలు ఆనించి ఫొటో తీసి పంపు, నేను దాస్తాను అన్నాను. అక్క ఫోన్ చేసి నవ్వింది.

"గీ స్కేలు మీద గీతలు నాకు కనబడ్తయా చెల్లె? చీమలు పారినట్టు ఉన్నయి. నేను అగ్గిపుల్లలు పెడ్త. ఎన్ని పడితే అన్ని."

"అగ్గిపుల్లలు అన్నీ ఒక్క తీరు ఉండయి అక్కా."

"ఒక్కటే డబ్బ దాచి పెడ్త. అయిందా? పెద్ద లెక్కల మనిషివి."

ఆ రోజు నుంచి ప్రతి అమావాస్యకూ ఒక ఫొటో వచ్చేది. అమావాస్యనాడు వాళ్లు అరక కట్టరు, చేలో పని ఉండదు, కాబట్టి ఆ రోజు మరిచిపోదు. తలుపు చౌకట్టు పైన, సున్నంతో పెట్టిన గుర్తు దగ్గర, పగులులో పక్కపక్కనే గుచ్చిన అగ్గిపుల్లలు. వెనక్కి జరిగి నిలబడి తీసేది కాబట్టి తలుపు, గడప, మూలన ఉన్న సామాను కూడా పడేవి. వాటితో పాటు ఇంట్లో వాళ్లందరికీ పంపే మామూలు ఫొటోలూ వచ్చేవి. కొత్త దూడ, కోడలి సీమంతం, పత్తి ఇంటికొచ్చాక కుప్ప మీద కూర్చున్న అక్క. అన్నీ నేను ఫోన్లోంచి డిస్క్‌లోకి ఎక్కించి, ఫోన్లో తీసేసేదాన్ని. అక్క ఫోన్ ఒక వానాకాలం చేలో తడిసి చచ్చిపోయింది. కొత్త ఫోన్లో జాగా చాలక, పంపినవి పంపినట్టే తీసేసేది. అంటే ఆ గోడ ఫొటోలు ఈ లోకంలో నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

నా దగ్గర రెండు చోట్ల ఉన్నాయి. అందుకే నేను గుండె మీద చెయ్యేసుకుని ఉన్నాను.

మాది చంద్రపూర్‌లో ఇంటి ముందు గదిలోనే నడిచే చిన్న జిరాక్స్ దుకాణం. పాస్‌పోర్టు ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఒకప్పుడు విండోస్ ఉండేది. వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్ ఒక వైరస్ మోసుకొచ్చేది. విసిగిపోయి లైనక్స్ ఎక్కించుకున్నాను. నేను చదివింది పదో తరగతి, అదీ మరాఠీలో. కమాండ్లు ఎవరూ నేర్పలేదు. ఒకటి కొట్టడం, ఏం జరిగిందో చూడటం, రెండోసారి అదే జరుగుతుందో లేదో చూడటం, అట్లా నేర్చుకున్నాను. నాకది లెక్క లాగే కనిపించేది. ఇచ్చినదానికి సరిపడా జవాబు వస్తుంది, ముఖం చూసి మారదు.

పెద్ద డిస్క్ ఒకటి కంప్యూటర్ పక్కన ఉంటుంది, దానికి కరెంటు ప్లగ్ వేరు. అసలు ఫొటోలు దాంట్లో. వాటి నకలు కంప్యూటర్ లోపల. రోజూ మధ్యాహ్నం నేను అన్నానికి లేచే వేళకు ఆర్‌సింక్ అనే కమాండ్ తనంతట తాను నడిచి అసలునూ నకలునూ సరిపోల్చేలా పెట్టాను. దానికి డిలీట్ అనే మాట కూడా చేర్చాను. ఆ మాట ఉంటే, అసలులో లేనిది నకలులోంచి కూడా తీసేస్తుంది. రెండు వైపులా లెక్క ఒకటే ఉండాలి కదా. తేడా అంటే నాకు నిద్ర పట్టదు.

మా ఆయన బొగ్గు గనిలో పనిచేస్తాడు. ఆ వారం రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి, తిని, పడుకుంటాడు. ఎండాకాలంలో మా ఊళ్లో పగలు పడుకోవడమంటే కూలర్ ముందు పడుకోవడమే. ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. నేను బ్యాంకుకు వెళ్లాను. కరెంటు వచ్చేసరికి లోపలి గదిలో సాకెట్ నిప్పురవ్వలు కక్కిందట. ఆయన కూలర్‌ను దుకాణం గదిలోకి ఈడ్చుకొచ్చి, చేతికి అందిన ప్లగ్ ఒకటి పీకి, కూలర్ పెట్టుకుని నేల మీద పడుకున్నాడు.

పీకింది డిస్క్ ప్లగ్.

కంప్యూటర్ మాత్రం కరెంటు రాగానే తానే లేచింది. డిస్క్ లేకుండానే లేచింది. డిస్క్‌లోని సరుకు కనిపించాల్సిన ఫోల్డర్ ఉంది కానీ దాని వెనక డిస్క్ లేదు, కాబట్టి అది ఉత్త ఖాళీ. మధ్యాహ్నం ఆర్‌సింక్ వచ్చింది. అసలులో ఏమీ లేదని చూసింది. నకలులో కూడా ఏమీ లేకుండా చేసింది. నేను చెప్పిన పనే చేసింది.

సాయంత్రం నేను చూసింది డిస్క్ ఫోల్డర్ ఖాళీగా ఉండటం ఒక్కటే. పర్వాలేదు, నకలు ఉంది అనుకున్నాను. ప్లగ్ పీకి ఉందని చూసి, తిరిగి పెట్టి, డిస్క్‌ను మౌంట్ చేశాను, అంటే దాన్ని మళ్లీ ఆ ఫోల్డర్‌కు కలిపాను. అప్పుడు అది నిండుగా నా ఎదురుగా ఉంది. ఒక్కసారి ఎల్‌ఎస్ కొట్టి ఉంటే అన్నీ కనిపించేవి. కొట్టలేదు. ఇందాకే చూశాను కదా ఖాళీ అని. నకలులోంచి డిస్క్‌లోకి తిరిగి నింపే కమాండ్ నా దగ్గర సిద్ధంగా ఉంది. అందులోనూ ఆ డిలీట్ ఉంది. ఖాళీ నకలును చూసి నిండు డిస్క్‌ను సరిచేయమని నా చేత్తోనే చెప్పాను. డిస్క్ లైటు కాసేపు గబగబా కొట్టుకుని ఆగింది. ఇంత తొందరగా నింపిందేమిటా అని అప్పుడు ఎల్‌ఎస్ కొట్టాను.

మా ఆయన లేచి కూర్చుని, నన్ను చూసి, "ఏందే, దయ్యాన్ని చూసినట్టు ఉన్నవ్?" అన్నాడు.

"ఆ ప్లగ్ తీసింది నువ్వేనా?"

"తీస్తే ఏమైతది? గీ ఎండల మనిషి పండుకోవద్దా? నీ డబ్బకు గాలి ఎందుకు?"

"అది డబ్బ కాదు. అక్క ఇల్లు."

"ఇల్లంటే ఇల్లు లెక్క ఉండాలె గదా, ప్లగ్గుకు ఏలాడుడేంది?" అని నవ్వబోయి, నేను నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. "వారం రోజుల్ల ఇంజినీరు వస్తుండు గదా?"

వస్తున్నాడు. ఇంజినీరు ఆఫీసు వాళ్లు ఇల్లు మళ్లీ చూస్తామని కబురు పెట్టారు. అందుకే ఆ ఫొటోలు తీసి వరుసగా పెడదామని కూర్చున్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కంప్యూటర్ ఫైలును తీసేసిందంటే దాన్ని తుడిచేసిందని కాదు. పేరు కొట్టేసి, ఈ జాగా ఖాళీ అని రాసుకుంటుంది. వస్తువు అక్కడే పడి ఉంటుంది, దాని మీద ఇంకోటి వచ్చి పడేదాకా. ఈ సంగతి నాకు తెలుసు కాబట్టి మొదట చేసింది ఏమీ చేయకపోవడం. డిస్క్‌ను అన్‌మౌంట్ చేసి, ప్లగ్ నేనే పీకాను. మర్నాడు అంతకంటే పెద్ద డిస్క్ ఒకటి కొనుక్కొచ్చి, పాత డిస్క్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఖాళీ అనిపించే చోటుతో సహా, అచ్చు తీసినట్టు డీడీ అనే కమాండ్‌తో దాంట్లోకి దించాను. ఏ డిస్క్ ఎటు అన్నది ఎంటర్ నొక్కే ముందు పైకి చదివాను. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టి ఆయన చేత కూడా చదివించాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ చాలా గట్టిగా చదివాడు.

ఆ అచ్చు మీద ఫొటోరెక్ అనే ప్రోగ్రాం నడిపాను. అది పేర్లు వెతకదు. జాగా అంతా జల్లెడ పట్టి, ఎక్కడ ఫొటో మొదలైనట్టు అనిపిస్తే అక్కడ నుంచి తోడి తీస్తుంది. వచ్చాయి. వందలు, వేలు వచ్చాయి. సంతోషంతో తెరిచి చూసి మళ్లీ కూలబడ్డాను.

ఏ ఒక్క దానికీ పేరు లేదు. ఎఫ్ అనే అక్షరం, దాని వెనక ఒక పొడుగాటి అంకె. ఆ అంకె డిస్క్ మీద ఆ ఫొటో పడి ఉన్న చోటు. ఎప్పటిదో చెప్పదు. ఫొటో లోపల తేదీ దాగి ఉంటుంది కదా అని తవ్వి చూశాను. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో ఆ తేదీ మిగలదు. నేను నెలనెలా పెట్టుకున్న పేర్లు, సంవత్సరాల వారీ ఫోల్డర్లు, ఏవీ లేవు. పైగా దుకాణం ఫొటోలతో కలిసిపోయాయి. పాస్‌పోర్టు ముఖం, ముఖం, ముఖం, గోడ. ముఖం, గోడ. నీలం తెర ముందు బిర్రబిగుసుకుని కూర్చున్న ఈ ఊరి జనమంతా మా అక్క పగులును చూస్తున్నట్టు ఉంది.

రెండు రోజులు దుకాణం పని పక్కనబెట్టి గోడలను ముఖాల్లోంచి ఏరాను. ఎప్పటివో తెలియకపోతే ఏం, వరుస పెట్టడానికి నాకొక దారి ఉందనుకున్నాను. అగ్గిపుల్లలు. పగులు పెరుగుతుంది తప్ప తగ్గదు కదా. రెండు పుల్లలు పట్టినది ముందు, మూడు పట్టినది తర్వాత. అట్లా ఫోల్డర్లు చేసి, ఎంవీ కమాండ్‌తో ఒక్కొక్కటి జరుపుతూ పోయాను. ఆరు పుల్లల దాకా వచ్చింది. ఎంత శుభ్రంగా వచ్చిందంటే, పేర్లు పోవడమే మేలయిందనిపించింది.

అప్పుడు ఒకే ఫోల్డర్లోవి పక్కపక్కన తెరిచి చూశాను. ఈ మూడేళ్లలో నేను వాటిని చూడటం అదే మొదటిసారి. వచ్చినవి దాచాను. దాచినవి సరిపోల్చాను. ఒక్కటీ చూడలేదు.

ఆరు పుల్లల ఫోల్డర్లో ఒక ఫొటోలో తలుపుకు ఆకుపచ్చ రంగు, ఇంకోదాంట్లో నీలం. రెండు పుల్లలదాంట్లోనూ కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి నీలం. బావ ఆ తలుపుకు రంగు మార్చింది ఒక్కసారే. పగులు వరుసగా పెరిగి ఉంటే, సగం దాకా ఒక రంగు, అక్కడి నుంచి ఇంకో రంగు ఉండాలి. ఇక్కడ రెండు రంగులూ అన్ని ఫోల్డర్లలో ఉన్నాయి. లెక్క తప్పిందనుకున్నాను. మళ్లీ పుల్లలు లెక్కపెట్టాను. లెక్క తప్పలేదు.

గోడ ఫొటోలనూ, వాటితో పాటు వచ్చిన అక్క ఇంటి ఫొటోలన్నిటినీ చిన్నచిన్నగా అచ్చుతీసి, సంచిలో వేసుకుని రాజురా బస్సెక్కాను.

బావ నన్ను చూసి, "ఏం మరదలా, ఎండల పడి గింత దూరం వచ్చినవ్? మా ఇల్లు నీ డబ్బల మాయమైందటగా. మేం ఇంకా ఇంట్లనే ఉన్నం చూడు," అన్నాడు. మా ఆయన ఫోన్లో ముందే చెప్పేశాడన్నమాట.

వాకిట్లో వేపచెట్టు నీడన మంచం వాల్చి ఫొటోలు పరిచాను. ఏది ఎప్పటిదో మీరే చెప్పాలి అన్నాను. అక్క కళ్లజోడు పెట్టుకుని ఒకటి తీసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గిది పోలా నాటిది. గడప కాడ కొమ్ములకేసే రంగు డబ్బ చూడు. వెనుక ఎర్రెద్దు కనబడ్తున్నది గదా, అంటే మొదటి ఏడు. దాన్ని తర్వాత అమ్మితిమి."

పోలా ఎడ్ల పండుగ. అదీ అమావాస్యనాడే వస్తుంది. ఆ ఫొటోలో రెండు పుల్లలు.

"గిది ఎండకాలంది. మామిడి ఒరుగులు ఎండవెట్టిన," అని ఇంకోటి తీసింది. అందులో ఆరు. "గిది దీపావళి. గిది మల్ల పోలా, కొత్త జత ఎడ్లు, తలుపుకు నీలి రంగు." రెండు. "గిది మల్ల ఎండకాలం." ఆరు.

అక్క చెబుతూ ఉంటే నేను మంచం మీద పేరుస్తూ పోయాను. మూడేళ్లూ వచ్చాయి. ఎండకు తెరుచుకుని, వానకు మూసుకుని, మళ్లీ తెరుచుకుని. ప్రతి ఎండాకాలం అదే ఆరు. ప్రతి పోలాకు అదే రెండు. నేల ఎండితే గోడ నోరు తెరుస్తోంది, నేల తడిస్తే మూస్తోంది. అంతకుమించి ఒక్క పుల్ల కూడా పెరగలేదు.

బావ ముందుగా తేరుకున్నాడు.

"అంటే ఆ ఇంజినీరు చెప్పిందే నిజమా?"

"ఈ పగులు వరకు నిజమే బావా."

"నిజమా!" అక్క గొంతు పెరిగింది. "గీ పగులుకు భయపడి నేను మూడేండ్ల సంది ముందర అర్రల కాలు చాపలే. ఎండకాలం వాకిట్ల, వాన వస్తే చలి వస్తే ఎనుక పత్తి అర్రల. నా నడుము ఇరిగింది ఆ మూల పండి పండి. ఇప్పుడు వచ్చి పగులు ఊపిరి తీస్తున్నదంటున్నవా?"

"గోడను నేను మొదటి నుంచీ అంటున్న, దానికేం కాదని," అన్నాడు బావ.

"నువ్వా? బ్లాస్టు మోగంగనే అందరికంటే ముందు బయటికురికేది ఎవరు?"

నేను వాళ్ల మాటలు సగమే వింటున్నాను. గోడ ఫొటోలు మంచం మీద పేర్చాక సంచిలో ఇంకా కొన్ని మిగిలాయి. దూడ, సీమంతం, పత్తి కుప్ప మీద అక్క. పుల్లలు లేనివి కాబట్టి నేను లెక్కలోకి తీసుకోనివి. చేతికి పని కావాలి కాబట్టి, పత్తి ఫొటోలు మూడింటినీ ఊరికే వరుసగా పెట్టాను. ఆకుపచ్చ చీర, పసుపు చీర, మొన్న చలికాలం కొన్న ఎర్ర చీర. మూడు పంటలు. మూడింట్లోనూ అక్క నవ్వుతోంది, వెనక పత్తి నిల్వ చేసే అర్ర గోడ.

మొదటిదాంట్లో దూలం కింద గోడ మీద జానెడు గీత ఉంది. బూజు అనుకోవచ్చు. రెండోదాంట్లో అదే గీత అక్క తల దాకా దిగింది, దాని పొడుగునా తెల్లగా పత్తి పింజలు ఇరుక్కుని ఉన్నాయి. మూడోదాంట్లో అది అక్క భుజం వెనక నుంచి దిగి కుప్పలోకి పోయింది. ఆ గీతలో ఒకచోట తెల్లగా మెరుస్తున్నది పింజ అనుకున్నాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. పింజ కాదు. వెలుగు. గోడ అవతల నుంచి వస్తున్న ఎండ.

"అక్కా," అన్నాను. "మీరు పండుకునేది ఏ గోడ పక్కన?"

అక్క ఫొటో చూసింది. నా ముఖం చూసింది. మళ్లీ ఫొటో చూసి, ఆ గోడ మీదే వేలు పెట్టింది.

ముగ్గురం వెనక అర్రలోకి పోయాం. ఆ పక్క ఊళ్లల్లో ధర కోసం పత్తిని ఇంట్లోనే ఆపుకుంటారు. ఆ ఏడు ధర రాలేదు, కాబట్టి వేసవిలో కూడా అర్ర కప్పు దాకా నిండి ఉంది. తలుపు దగ్గర మాత్రం రెండు మంచాలు పట్టేంత చోటు. బావ మంచమెక్కి, గోడ వైపు పత్తిలోకి చెయ్యి దూర్చాడు. మోచేయి దాకా పోయింది, భుజం దాకా పోయింది. అట్లాగే ఆగిపోయాడు.

"ఏందయ్యా?" అంది అక్క.

"గాలి తగుల్తున్నది," అన్నాడు బావ. చాలా మెల్లగా అన్నాడు. "చేతికి బయటి గాలి తగుల్తున్నది."

బయటి వైపు పొయ్యిలోకి దాచిన పత్తికట్టె మోపులు గోడకు ఆనించి, చూరు దాకా పేర్చి ఉన్నాయి. అందుకే అటు గోడను ఏళ్లుగా ఎవరూ చూడలేదు. ఆ మోపుల సందుల్లోంచి దూరినదే ఫొటోలోని వెలుగు. బావ పై నుంచి ఒక్క మోపు తీశాడు. వెనక గోడ బయటికి ఉబ్బి కనిపించింది. ఇంకో మోపు తీయబోతుంటే నేను అరిచాను. కట్టె గోడను ఆపుతోందో, లోపలి పత్తి తోస్తోందో, రెండూ కలిసి దాన్ని నిలబెట్టాయో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. బావ తీసిన మోపును తీసినంత నెమ్మదిగా మళ్లీ అక్కడే పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు.

మంచాలు ఆ పూటే ముందు గదిలోకి వచ్చాయి. నేను చంద్రపూర్ పోలేదు. దుకాణం మూసే ఉంచమని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

ఇంజినీరు చెప్పిన రోజుకే వచ్చాడు. ముందు గది పగులు దగ్గర నిలబడబోతే అక్కే చెయ్యి పట్టుకున్నట్టుగా వెనక్కి తీసుకుపోయింది. ఆయన పత్తి అర్ర గడప దాటలేదు. గోడను రెండు వైపుల నుంచీ చూసి, టార్చి వేసి దూలం చూసి, ఇందులోకి ఎవరూ అడుగు పెట్టొద్దని హిందీలో, చాలా మర్యాదగా, రెండుసార్లు చెప్పాడు. ఇది బ్లాస్టింగ్ వల్లనా, నేల వల్లనా అని అడిగాను. నేను పరిచిన మూడు పత్తి ఫొటోలను చాలాసేపు చూసి, రెండూ కావచ్చు, చూసి రాస్తాను అన్నాడు. వీటి తేదీలేవి అని అడిగాడు. తేదీలు పోయాయి, చీరలున్నాయి అన్నాను. ఆయన నవ్వలేదు. ఏ చీర ఏ పంటదో రాయించుకున్నాడు.

పత్తిని ఏం చేయాలన్నది మిగిలింది. ఊళ్లో వాళ్లు గడప బయటే నిలబడి, పొడుగు కర్రలకు కొక్కేలు కట్టి లాగారు. అందినంత లాగారు. సాయంత్రానికి ఆపేశారు. గోడ వైపు సగం అట్లాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం ముందు గదిలో కూర్చుని చాయ్ తాగుతున్నాం. బ్లాస్టింగ్ వేళ కాదు. అటక మీద గిన్నె కూడా కదల్లేదు. వెనక నుంచి ఎవరో పెద్ద సంచి దించినట్టు ఒక చప్పుడు, దాని తర్వాత పెంకులు జారుతున్న చప్పుడు. బావ చేతిలో కప్పు అట్లాగే ఉంది, చాయ్ మాత్రం ఒళ్లంతా పడింది. ఆయనకు కాలినట్టు కూడా తెలియలేదు.

పరుగెత్తుకుని పోయాం. గోడ కింది సగం బయటికి, కట్టె మోపుల మీదికి పడింది. పై సగం, దూలం లోపలికి వచ్చాయి. మట్టి దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది, దాని మధ్యలోంచి పత్తి బయటి నేల మీదికి తెల్లగా జారుతోంది, ఆగకుండా.

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి తీసి, తలుపు పక్కన మంచాలుండే చోటు వైపు చాపింది.

"నా తల గీడ ఉంటుండె," అంది.

అక్కడ మోకాలెత్తు ఇటుకలున్నాయి.